అమ్మ విన్న సినిమా

చిన్నుల్లిపాయలు ఒలవడమంటే నాకు చచ్చేంత చిరాకు. పెద్దుల్లిపాయ అయితే నాలుగు కోతలతో పని తేలిపోతుంది. ఇవి గోళీకాయలంత ఉంటాయి, ఒక్కోదానికీ తల కోయాలి, తోక కోయాలి, పొట్టు తీయాలి. కిలో ఒలిచేసరికి గోళ్ల సందులు మండిపోతాయి. కానీ మా ఆయన సోమసుందరానికి మటన్ కుళంబులో, అంటే పులుసులో, పెద్దుల్లి పడిందంటే ముద్ద దిగదు. ఆదివారం మధ్యాహ్నం ఆయన కాలేజీ స్నేహితులు నలుగురు, భార్యలతో సహా భోజనానికొస్తున్నారు. తిని, కబుర్లు చెప్పుకుని, సాయంత్రం ఆటకి అందరూ కలిసి సినిమాకి వెళ్తారు. అరవై ఏళ్ల కిందటి నలుపు తెలుపు సినిమా. ఎవరో పాత రీళ్లు శుభ్రం చేయించి మదురైలో ఒక్క వారానికి మళ్లీ వేశారు. ఆదివారంతో ఆఖరు. ఈయన తొమ్మిది టికెట్లు కొనుక్కొచ్చారు. వాళ్లు ఎనిమిది మంది, ఈయన ఒకరు.

శనివారం ఉల్లిపాయల ముందు కూర్చుని, మామూలుగా అడిగినట్టే అడిగాను, మరి నాకు అని. “నీకెక్కడ వీలవుతుంది మంగై, గిన్నెలన్నీ సర్దుకునేసరికి ఆరు దాటదూ?” అన్నారు, నా గురించి ఎంతో దయగా ఆలోచించి పెట్టినట్టు. పోనీ అమ్మకి అన్నాను. అసలు అడిగింది అమ్మ కోసమే. అత్తయ్యకి చూపే సరిగా లేదు, టికెట్ దండగ కాదా అన్నారు. “అయినా ఆవిడ ఆ సినిమా ఎన్నిసార్లు చూసుంటారో. ఒక్క మాట తప్పు పోదు కదా.”

అది నిజమే, ఒక్క మాట తప్పు పోదు. నాన్న పోయాక అమ్మ మా ఇంటికొచ్చి మూడేళ్లయింది. అప్పట్నుంచి మా ఇంటికి ఎవరొచ్చినా చూపించాల్సిన వింతల్లో అమ్మ ఒకటి. కాఫీలవ్వగానే ఈయన హాల్లోంచి కేకేస్తారు, అత్తయ్యా ఒకసారి రండి, ఆ డైలాగు వినిపించండి అని. అమ్మ పమిటచెంగుకి చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. హాల్లోకి రాదు. అక్కణ్నుంచే, గొంతు సవరించుకుని, ఆ సినిమాలో భార్య భర్తని నిలదీసే మాటలు చెప్తుంది. “ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో నా చేతుల చప్పుడే విన్నారు. ఇవాళ నా నోటి మాట వినండి. నేనడిగేది దానం కాదు, మీరు దాచుకున్న నా వాటా.” అలా రెండు నిమిషాలు, ఎక్కడా తడుముకోకుండా. అప్పుడు ఆ బక్కపలచటి మనిషిని చూస్తే నాకే ఒళ్లు జలదరిస్తుంది. అయిపోగానే అందరూ చప్పట్లు కొడతారు. ఎవరో ఒకరు ఫోన్లో వీడియో తీస్తారు. అత్తయ్యకి ఇంకా ఏం జ్ఞాపకశక్తో అని ఈయన పొంగిపోతారు. తర్వాత, అలాగే ఇంకో నాలుగు కాఫీలు అంటారు. అమ్మ లోపలికొచ్చేస్తుంది.

నాకు కోపం రాదా అంటే వస్తుంది. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచర్ని, నోరు లేనిదాన్ని కాదు. ఎదురు సమాధానాలన్నీ చెప్తాను. కుక్కర్‌కి చెప్తాను, సింకుకి చెప్తాను, పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతూ ఎర్ర పెన్నుకి చెప్తాను. స్కూల్లో తనిఖీకి అధికారులొస్తే మగ టీచర్లు కుర్చీల్లోంచి లేవరు, హెడ్మాస్టరు నా వైపు చూసి టీ సంగతి కాస్త చూడమ్మా అంటాడు. అదీ టీ కప్పులకే చెప్పుకున్నాను. ఒళ్లంతా ఏదో పురుగు పాకుతున్నట్టు ఉంటుంది రోజంతా, ఒక చోట నిలబడలేను, కూర్చోలేను. ఆయన మాత్రం నా భార్య బంగారం, పల్లెత్తు మాట అనదు అని అందరికీ చెప్పుకుంటారు.

ఆ శనివారం ఉల్లిపాయలు చేటలో వేసుకుని అమ్మ కూడా నా పక్కన కూర్చుంది. కళ్లతో కాదు, వేళ్లతో వెతుక్కుంటూ ఒలుస్తోంది. నీటికాసుల జబ్బు. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంట్లో నడుమ మాత్రం కాస్త చూపు మిగిలింది, ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కలంతా చీకటి. ఆ మిగిలింది ఎన్ని నెలలుంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు. నేను ఊరుకోలేక, పోనీలేమ్మా, నువ్వెన్నోసార్లు చూసిన సినిమానే కదా అన్నాను. అమ్మ నవ్వింది.

“నేనెప్పుడు చూశాను తల్లీ? ఒక్కసారీ చూడలేదు.”

నా చేతిలో కత్తి ఆగిపోయింది. మరి ఇన్ని మాటలు ఎలా వచ్చాయని అడిగితే, రేడియోలో అంది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి సినిమాని గంటకి కుదించి, మాటలూ పాటలూ మాత్రం వేసేవాళ్లు కదా, ఆ శబ్దచిత్రం. పెళ్లిళ్లలో మైకుసెట్టు వాడు ఊరంతా వినిపించే మాటల రికార్డులు. శంకరన్‌కోవిల్లో అమ్మ పుట్టింట్లో ఆడపిల్లలు డేరా సినిమా గడప తొక్కకూడదు. వినడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెళ్లయ్యాక మన వీధికంతటికీ మనింట్లోనే టీవీ ఉండేది కదా, ఆదివారం సాయంత్రం సినిమా వచ్చేది, అప్పుడు నువ్వు చూశావు కదా అన్నాను, కొంచెం మొండిగానే. ముప్పై మందికి టీ ఎవరు పెట్టేవాళ్లు మరి, అంది అమ్మ. ఆ మాట ఫిర్యాదులా కూడా అనలేదు.

నేను ఒప్పుకోలేకపోయాను. నా చిన్నతనంలో నాకున్న అన్నింటికన్నా మంచి జ్ఞాపకం అది. హాల్లో దీపాలార్పేసి, అమ్మ ఒడిలో పడుకుని పాత సినిమాలు చూడటం. ఏడుపు సీన్లొస్తే అమ్మ వేళ్లు నా జుట్టులో ఆగిపోయేవి. టీవీలో ఏ పాత పాటొచ్చినా నాకు ఆ ఒడే గుర్తొస్తుంది. అదే చెప్పాను అమ్మతో. “అది పక్కింటి గోమతి అయుంటుంది. నిన్ను బాగా ముద్దు చేసేది” అంది. నలభై ఏళ్లుగా నేను దాచుకున్న ఒడి గోమతి అక్కది. మా అమ్మ గోడకి అవతల గ్లాసులు కడుగుతోంది. ఆ ముప్పైమందిలో నేనూ ఉన్నాను, అమ్మ ఎక్కడుందో ఒక్కసారి తల తిప్పి చూడలేదు. సిగ్గుతో నాకు కన్నీళ్లొచ్చాయి. ఉల్లిపాయల వల్లే అనుకుంది అమ్మ.

ఇంక నాకు స్థిమితం లేకుండా పోయింది. రేపటితో సినిమా పోతుంది. కన్ను ఎప్పుడు పోతుందో తెలీదు. పొద్దున పదకొండు గంటల ఆటొకటుంది. ఆయనతో చెప్పేద్దామని మూడుసార్లు హాల్లోకి వెళ్లాను, మూడుసార్లూ మంచినీళ్లు కావాలా అని అడిగి వచ్చేశాను. చివరికి ఆదివారం ఐదింటికే లేచి కుళంబు దించేసి, పదింటికి అబద్ధమాడాను. అమ్మకి కన్ను నొప్పిగా ఉంది, కంటి శిబిరంలో ఒకసారి చూపించి వచ్చేస్తాను అని. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, ఒంటిగంటకల్లా వచ్చెయ్, అన్నం వేడిగా ఉండాలి అన్నారు.

హాలు సగం కూడా నిండలేదు. అమ్మని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టాను. తెర అంతా ఒకేసారి కనపడదు కదా, తల నెమ్మదిగా ఆ చివర్నుంచి ఈ చివరికి తిప్పుతూ చూసింది. మొదటి పదినిమిషాలు నా చెయ్యి వదల్లేదు. ప్రతి మాటా ముందే తెలుసు. మనుషులే కొత్త. ఈమెనా కథానాయిక, ఇంత లావా అంది నా చెవిలో. సినిమాలో మామగారు పొట్టివాడని తెలిసి పకపకా నవ్వింది, ఆ గొంతుకి తనో ఆరడుగుల మనిషిని ఊహించుకుందట. నా పెళ్లిలో కూడా అమ్మ అలా నవ్వగా చూడలేదు నేను.

తర్వాత ఆ సీను వచ్చింది. అమ్మ ముందుకి వంగింది. తెర మీద ఆమె, పెద్ద హాలు, పడక్కుర్చీ. ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో అని ఆమె మొదలుపెట్టగానే అమ్మ పెదవులు కూడా కదిలాయి. రెండు వాక్యాలయ్యాక ఆగిపోయాయి. అమ్మ తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. మళ్లీ తిప్పింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఆయనెక్కడ తల్లీ? నాకు కనిపించట్లేదు. పక్కకున్నాడా?”

“ఎవరూ లేరమ్మా.”

“కుర్చీలో?”

“ఖాళీగా ఉంది.”

మాటలన్నీ అయ్యాక అక్కడ కాసేపు నిశ్శబ్దం. వంటింట్లో ఆ మాటలు చెప్పుకున్నప్పుడల్లా అమ్మ అక్కడ ఆగి, చూశావా, ఆ మొగుడికి నోట మాట రాలేదు అని మురిసిపోయేది. తెర మీద ఆమె కళ్లు తుడుచుకుంది, కుర్చీ మీది దుప్పటి మడత పెట్టింది, అప్పుడు తలుపు చప్పుడై భర్త వస్తే కాఫీ తేనా అంటూ లోపలికి వెళ్లింది. రేడియో వాళ్లు ఈ కాఫీ ముక్క కత్తిరించేసినట్టున్నారు.

సినిమా అయ్యాక బయట మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. అమ్మ తాగలేదు. నేను అనవసరంగా తీసుకొచ్చానా, అరవై ఏళ్లు దాచుకున్నదాన్ని నా చేతులతోనే పాడు చేశానా అని నాకు ప్రాణం విలవిల్లాడింది. బాధగా ఉందా అని అడిగాను.

“నువ్వు పన్నెండో క్లాసు పాసయ్యాక, చదువింక చాల్లే, ఇంట్లో ఉండనీ అన్నారు మీ నాన్న” అంది అమ్మ.

నాకు తెలీదా విషయం. నాకు తెలిసిందల్లా, ఒకరోజు పొద్దున్నే నాన్న సంతకం పెట్టిన కాలేజీ ఫారం నా చేతికిచ్చారు. మా నాన్న దేవుడని ఎంతమందితో చెప్పానో.

“ఆయన పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. సినిమాలో ఆవిడే అనగలిగింది, నాకేం రోగం అనుకుని, ఈ మాటలే అన్నాను. దానం కాదు, నా కూతురి వాటా అన్నాను. పేపరు కిందపడేశారు. నెల్రోజులు నాతో మాట్లాడలేదు. సంతకం మాత్రం పెట్టారు.” అమ్మ సీసా మూత తిప్పి రెండు గుక్కలు తాగింది. “మంచిపనైంది ఈ సినిమా చూడకపోవడం. చూసుంటే నేనూ ఖాళీ కుర్చీకే చెప్పుకుని లోపలికి పోయేదాన్ని.”

నా ఫోను మోగింది. ఆయనే. వాళ్లొచ్చేశారు, అన్నం ఇంకా పెట్టలేదు, ఏమిటీ ఆలస్యం, డాక్టరేమన్నాడు అని గుక్క తిప్పుకోకుండా అడిగారు. శిబిరంలో జనం ఎక్కువని చెప్పడానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. దారిలోనే అనుకుని పెట్టుకున్నాను.

“డాక్టరు దగ్గరికి కాదండీ. అబద్ధం చెప్పాను. అమ్మని సినిమాకి తీసుకొచ్చాను.”

అవతల ఏమీ వినపడలేదు. ఉన్నారో, ఫోను పెట్టేశారో తెలియలేదు.

“వింటున్నారా?” అన్నాను.

“ఆ” అన్నారు.

“మీతో మాట్లాడాలి. వాళ్లందరూ ఉన్నా ఫర్వాలేదు. నేనొచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.”