తప్పులు పట్టే పెట్టెలు

“ఇవాళ ఈ ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుంది అత్తయ్యా. పెట్టెలైనా విరుగుతాయి, పిల్ల మనసైనా విరుగుతుంది.”

మా అత్తగారు వంటింటి గడప దగ్గర కూర్చుని బఠానీలు వలుస్తున్నారు. ఆవిడకు కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవి ముప్పాతిక పోయింది. నేనన్నదాంట్లో ఎంత వినపడిందో గాని, విరిగితే అతికించుకుందాంలే, ముందు ఆ పాలు చూడు, పొంగిపోతున్నాయి అన్నారు.

నిజానికి అప్పటికి ఏమీ జరగలేదు. పొద్దున మా అమ్మాయి ఫోను చేసింది, అంతే. దాన్ని మేమందరం పిట్ట అంటాం. తిండి అంతే తింటుంది కాబట్టి. మధ్యాహ్నం వస్తున్నానని, నాన్నకి ఒకటి వినిపించాలని చెప్పి పెట్టేసింది. ఆ మాట వినగానే నాకు భయం పట్టుకుంది. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఇంట్లో ఉన్న పెట్టెల గురించి చెప్పాలి.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. ఎంత పెద్ద మేడలో లిఫ్టు మొరాయించినా సరే, తలుపుకి చెవి ఆనించి నిలబడి, ఏ అంతస్తు దగ్గర ఏ చక్రం అరిగిందో చెప్పేస్తారు. పెళ్ళయిన కొత్తలో ఆ ఇనుప తాడు ఎక్కడ తెగుతుందోనని రోజూ ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఏడుపు మానేశాను, భయం మాత్రం ఉంచుకున్నాను. అలాంటి చెవులున్న మనిషి ఇంటికొచ్చి ఊరికే కూర్చుంటారా? ఒక బట్టల కొట్టు ఎత్తేస్తుంటే దాని కౌంటరు చెక్క తెచ్చుకున్నారు. దాన్ని నాలుగేళ్ళ పాటు ఆదివారాలన్నీ కోసి, చిత్రిక పట్టి, రెండు స్పీకరు పెట్టెలు చేశారు. నా భుజం దాకా వస్తాయి అవి. ఒక్కోదానికి కింద పళ్ళెమంత స్పీకరు, పైన కోటు బొత్తామంత చిన్న స్పీకరు, వెనక చెయ్యి పట్టేంత గుండ్రటి కన్నం. ముందు కప్పిన నల్లగుడ్డ నేనే కుట్టాను. నేను మిషను మీద దుప్పట్లు, బొంతలు కుట్టి అమ్ముతాను కదా, ఆ మాత్రం గుడ్డ నాకో లెక్క కాదు.

ఆ పెట్టెలు వచ్చినప్పటి నుంచి మా ఇంటికి చుట్టాలు పాటలు తీసుకురావడం మానేశారు. మామూలు పెట్టె మంచి మనసున్న పొరుగావిడ లాంటిది. కూరలో ఉప్పెక్కువైనా బాగుందమ్మా అంటుంది, తక్కువైనా బాగుందమ్మా అంటుంది. మా ఆయన పెట్టెలు అలా కాదు. ఆడపడుచు కంటే ఘోరం. బాగా రికార్డు చేసిన పాట వేస్తే పాడే మనిషి మన గదిలోకి వచ్చి కూర్చున్నట్టే ఉంటుంది. నాసిగా చేసింది వేస్తే ఉన్న లోపాలన్నీ నడివీధిలో ఆరేసినట్టే. మా మరిది తన కొడుకు పాడిన పాటొకటి ఎంతో ముచ్చటగా తెచ్చి, సగంలోనే ఆపించి, మా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

పాపం పెట్టెలది కాదు, పాట చేసిన వాళ్ళదని మా ఆయన అంటారు. మూలంలో లేనిది స్పీకరు పుట్టించదు, మూలంలో ఉన్న మురికిని దాచదు అని ఆయన సిద్ధాంతం.

పిట్ట చదువు కాగానే ఒక రికార్డింగు స్టూడియోలో చేరింది. మైకులు పెట్టడం, వచ్చిన గొంతుల్నీ వాయిద్యాల్నీ కలిపి పాటగా తయారుచేయడం దాని పని. ఆరేళ్ళ కిందట మొట్టమొదటి పాట చేసి పరుగెత్తుకుంటూ తెచ్చింది. ఫోనులో విన్నాం, అదిరిపోయింది. మా అత్తగారికి కూడా వినపడిందంటే చూడండి. తర్వాత మా ఆయన దాన్ని పెట్టెల్లో వేశారు. ఆయన రెండు నిమిషాలు విని, గిన్నె బోర్లించి గరిటెతో వాయించినట్టుంది అన్నారు. మొదటినుంచీ చివరిదాకా ఒకటే మోత, పాడే పిల్ల ఊపిరి పీల్చుకునే చోటు కూడా ఉంచలేదు అన్నారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. దీనికి నీకు జీతమిస్తున్నారా అని కూడా అనేశారు.

పిట్ట అన్నం తిని, కంచం కడిగి వెళ్ళింది. ఆ తర్వాత ఆరేళ్ళలో ప్రతి ఆదివారమూ వచ్చింది, నవ్వింది, నానమ్మకి గోళ్ళు తీసింది, నాన్నతో లిఫ్టుల గురించి గంటలు గంటలు మాట్లాడింది. తను చేసిన పాట మాత్రం ఒక్కటీ తేలేదు. పనెలా ఉందని ఆయన అడిగితే, ఉంది అనేది. ఆయన కూడా ఆ పైన అడగలేక తల వంచుకుని పెట్టెల మీద లేని దుమ్ము తుడిచేవారు. ఆయన ఎంత కుమిలారో పక్కన పడుకునే నాకు తెలుసు. కానీ కుమలడం వేరు, నోరు వేరు. ఆ నోరు ఇవాళ మళ్ళీ అలాంటి మాట అంటే పిట్ట ఇక ఈ జన్మలో తేదు. అదీ నా భయం.

పదకొండు గంటలకి ఆయన యాంప్లిఫయరు వేశారు. అది ముందు వేడెక్కాలట. తర్వాత గడ్డం గీసుకున్నారు. ఆదివారం గడ్డం గీసుకోని మనిషి! ఇస్త్రీ చొక్కా ఒకటి తీసి కుర్చీ మీద వేసుకుని స్నానానికి వెళ్ళారు. జడ్జిగారు కోర్టుకి బయల్దేరుతున్నట్టు అనిపించింది నాకు.

అప్పుడే నాకు ఆ బుద్ధి పుట్టింది. పైనున్న చిన్న స్పీకరే సన్నటి చప్పుళ్ళన్నీ బయట పెడుతుందని ఆయన ఎవరితోనో చెప్తుంటే విన్నాను. అంటే తప్పులు పట్టేది అదే కదా? దాని నోరు కాస్త నొక్కితే ఎవరికేం నష్టం? బొంతలో పెట్టే దూది పొర రెండు ముక్కలు కత్తిరించి, నల్లగుడ్డ చట్రం ఊడదీసి, రెండు పెట్టెల్లోనూ ఆ బొత్తాల మీద పరిచి మళ్ళీ బిగించేశాను. అంతటితో ధైర్యం చాలలేదు. వెనక కన్నాల్లో కూడా పట్టినంత దూది కూరాను. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగేసరికి నేను పొయ్యి దగ్గర ఉన్నాను. మా అత్తగారు నన్నూ, నా చీరకంటిన దూదినీ ఎగాదిగా చూశారు. ఆవిడ చెవులు పోయాయి గాని కళ్ళు ఇంకా డేగ కళ్ళే.

పిట్ట వచ్చింది. చిక్కింది, కళ్ళ కింద నల్లగా ఉంది. ఏ జబ్బో ఏమోనని నుదురు తాకి చూస్తే, నిద్ర లేదమ్మా అంతే, అంది. సంచిలోంచి వేలంత పెన్ డ్రైవ్ తీసి వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది.

ఎవరో ఫిడేలు పెద్దాయనట. ఒక్కడే వాయించాడట. ఇంతకు మించి అది చెప్పలేదు, ఆయన అడగలేదు. ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చున్నారు. మా అత్తగారు ఎప్పటిలా కుడిపెట్టె పక్కనున్న చెక్క కుర్చీలో కూర్చున్నారు. నేను ఆవిడ వెనకే తలుపు దగ్గర నిలబడ్డాను, అవసరమైతే టీ పేరు చెప్పి అడ్డం పడటానికి.

పాట మొదలైంది. నెమ్మదైన పాట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎక్కడా ఒక్క గీరుడు లేదు, చప్పుడు లేదు, అంతా మెత్తగా సాగిపోతోంది. దూది ఎంత గొప్ప వస్తువో అనుకున్నాను. అప్పుడు పిట్ట మొహం చూశాను.

దాని మొహంలో రక్తం లేదు. మా ఆయన భృకుటి ముడిపడింది. లేచి వెళ్ళి తీగలు సరిచూసి వచ్చి కూర్చున్నారు. ఏదో అనబోయి పళ్ళ బిగువున ఆపుకోవడం నాకు తెలిసింది. ఆ ఫిడేలాయన దుప్పటి ముసుగులో కూర్చుని వాయిస్తున్నట్టుందని, తెలియని నాకే అనిపించడం మొదలైంది.

“ఆపెయ్ నాన్నా,” అంది పిట్ట. గొంతు పెంచలేదు. రికార్డు చేసిన చోట విన్నప్పుడు ఉన్నది ఇక్కడ లేదంది. ఇన్నాళ్ళూ లేనిదాన్ని ఉందనుకుని విన్నానేమో, నాకే చెవులు లేవేమో అంది. లేచి పెన్ డ్రైవ్ కోసం చెయ్యి చాపింది.

నేను ఆరేళ్ళుగా దేనికి భయపడుతున్నానో అది నా కళ్ళెదుటే జరుగుతోంది. చేసింది ఆయన నోరు కాదు, నా చెయ్యి.

“ఇవాళ నా కుర్చీ పలకట్లేదేం?” అన్నారు మా అత్తగారు. ఆవిడ చెవితో వినరు, ఆ చెక్క కుర్చీ అదురుతుంటే వీపుతో వింటారు. మా ఆయన చటుక్కున పెట్టె వైపు తిరిగారు.

“దూది పెట్టాను,” అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. చట్రం ఎలా ఊడదీశానో, కన్నాల్లో ఎంత కూరానో అంతా చెప్పాను. మా ఆయన పెట్టె వెనక చెయ్యి పెట్టి లాగుతుంటే దూది వస్తూనే ఉంది. ఒక చిన్న దిండుకి సరిపడా వచ్చింది. బొంత కూడా ఉందా, ఇంకా రావాలా అని అడిగారు. నవ్వుతున్నారో కోప్పడుతున్నారో ఆయనకే తెలిసినట్టు లేదు.

పిట్ట మాత్రం నవ్వలేదు.

“నా పని మీద నీకు ఇంతేనా నమ్మకం, అమ్మా?”

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. “నీ పని మీద కాదే,” అన్నాను. “నీ పని గురించి నాకేం తెలుసని? మీ నాన్న నోటికి భయపడ్డాను. ఒకసారి అన్నదానికే ఆరేళ్ళు తేలేదు కదా నువ్వు.”

మా ఆయన చేతిలో దూది చేతిలోనే ఉండిపోయింది. ఆరేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. అందరం దాని చుట్టూ జాగ్రత్తగా నడుస్తున్నాం, నేల మీద గాజుపెంకు ఉన్నట్టు.

మా అత్తగారికి ఏం వినపడిందో, మొహాలు చూసి ఏం గ్రహించారో గాని, పెట్టెకెందుకే పెట్టావు, వాడి నోట్లో పెట్టాల్సింది అన్నారు. కొడుకు మీద అంత మాట అన్నాక పిట్ట పెదవి ఒక పక్కకి ఒంగింది. ఆయన మారు మాట్లాడకుండా చట్రాలు ఊడదీసి, దూది పొరలు తీసి, మళ్ళీ మొదటినుంచి వేశారు.

ఈసారి ముందుగా వినపడింది ఫిడేలు కాదు, ఒక ముసలాయన ముక్కుతో ఊపిరి పీల్చుకోవడం. తర్వాత కమాను తీగ మీద ఆనింది. ఆ ఆనడం కూడా వినపడింది. ఎడమ పెట్టెలోంచి ఆ ముసలాయన కూర్చున్న కుర్చీ కిర్రుమంది. అయిపోయింది, ఆ కిర్రు మా ఆయన పట్టేస్తారు అనుకున్నాను. ఆ పాటలోనే ఎక్కడో దూరంగా వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేశారు. అయిపోయింది, సైకిలు పట్టేస్తారు అనుకున్నాను. ఇలా ప్రతి చప్పుడుకీ మా ఆయన మొహం చూస్తూనే ఉన్నాను. ఆయన నన్ను చూడటం లేదు. ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, లిఫ్టు తలుపు దగ్గర నిలబడ్డట్టే వింటున్నారు.

పాట ఆగే చోట ఒక తమాషా జరిగింది. కమాను ఎత్తేసిన తర్వాత కూడా మోత ఆగలేదు. సన్నగా, గది నిండా, గోడల మీద నుంచి వస్తున్నట్టు అలా నిలిచి, మెల్లగా అణిగిపోయింది. నా చేతి మీద వెంట్రుకలు లేచాయి. మా అత్తగారు కుర్చీ చేతి మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు.

అక్కడ ఇంకెవరు వాయిస్తున్నారని అడిగారు మా ఆయన. ఎవరూ లేరంది పిట్ట. ఆ పెద్దాయన ఫిడేళ్ళు బాగుచేస్తాడట. బాగుచేసినవీ చేయాల్సినవీ నలభై దాకా ఆయన కొట్టు గోడలకి వేలాడుతుంటాయట. ఆయన ఒకటి వాయిస్తే మిగిలిన వాటి తీగలు వాటంతటవే పలుకుతాయట. ఆయన్ని స్టూడియోకి తీసుకెళ్ళి వాయింపిస్తే ఆ ప్రాణం పోయిందట. అందుకని పిట్టే మైకులు మోసుకుని, వీధిలో బళ్ళు తిరగకముందే వెళ్ళి, మూడు తెల్లవారుజాములు ఆ కొట్టులో కూర్చుందట. మోత పెంచి, కుర్చీ చప్పుడు తీసెయ్యమని స్టూడియో యజమాని అంటే, ఇది ఇలాగే ఉంటుందని చెప్పేసిందట. నిద్ర లేకపోవడం అదన్నమాట. నేనేమో రక్తపరీక్ష చేయించాలని లోపల లెక్కలు వేసుకుంటున్నాను.

పిట్ట తన కుర్చీని వాళ్ళ నాన్న వైపు జరుపుకుంది.

“ఆయన ఇంకా నాలుగు వాయిస్తానన్నారు. వచ్చే ఆదివారం మొదలుపెడతాం. మైకు కాస్త ముందుకు జరపనా, అక్కడే ఉంచనా నాన్నా?”

ఆరేళ్ళలో అది తన పని గురించి ఆయన్ని ఒక మాట అడగడం అదే మొదలు. ఆయన ఒళ్ళో ఉన్న దూదిని వేళ్ళతో చుడుతూ కూర్చున్నారు. యాంప్లిఫయరు మీద ఎర్రదీపం వెలుగుతోంది. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నారు. ఏదో తప్పు కనిపెట్టారనుకున్నాను. చెప్పాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్నారనుకున్నాను. చెప్పకుండా ఊరుకుంటే పిట్టకి అదింకా పెద్ద దెబ్బ అవుతుందనుకున్నాను. గుండెపోటేమో అని కూడా అనుకున్నాను. టీ పెట్టనా అనడానికి నోటిదాకా వచ్చింది. మా అత్తగారు కళ్ళు మూసుకునే నా కొంగు పట్టి వెనక్కి లాగారు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను.

చాలాసేపటికి ఆయన తలెత్తారు.

“నాకేం తెలుసే పిట్టా, ఆ గది నేను చూళ్ళేదుగా. నన్నూ తీసుకెళ్ళు. ఒక మూల కూర్చుంటాను. దగ్గనైనా దగ్గను.”