వెయ్యో రోజు దాకా

జావా దీవిలోని మా బాంతుల్‌లో తెల్లవారకముందే పాత డచ్చి సైకిళ్ల మీద సముద్రం వైపు బయల్దేరే ముసలివాళ్లం ఆరుగురం. మాలో ఒక్కరోజు కూడా మానని మనిషి దర్సొనో అన్న. అరవై ఎనిమిదేళ్ల రిటైర్డ్ రైల్వే గార్డు. వరసగా వెయ్యి రోజులు తొక్కి వీధి వీధంతటికీ పసుపన్నం పెడతానని మొక్కుకున్నాడు. ఇల్లు చేరగానే రోజుకో సుద్దగీత గోడ మీద గీసేవాడు. ఒక్కరోజు తప్పినా మళ్లీ ఒకటి నుంచే.

ఎనిమిది వందల డెబ్బయ్యో రోజున, వృద్ధుల ఆరోగ్య శిబిరంలో తీసిన రక్తం ఫలితం వచ్చింది. బడిపంతులుగా రిటైరైన నన్ను తోడు తీసుకెళ్లాడు.

"ప్రొస్టేట్ పరీక్షలో నాలుగు దాటకూడదండీ. మీకు పదకొండు వచ్చింది," అంది డాక్టరమ్మ. "సైకిల్ సీటు ఒత్తిడికి కూడా కొంచెం పెరగొచ్చు. మూడు రోజులు తొక్కకుండా ఉండి మళ్లీ రండి."

గుమ్మం దాటగానే అన్న నవ్వాడు. "విన్నావా మాస్టారూ, సీటు వల్లనట!"

"కొంచెం అంది. మూడు రోజులు ఆగమంది."

"ఆగితే మొక్కు చెడదూ? రోజూ పాతిక కిలోమీటర్లు తొక్కేవాడికి కుర్చీల్లో కూర్చునేవాళ్ల జబ్బు వస్తుందా? మీ వదినకి చెప్పకు."

మా వైపు పెద్దవాడికి అదే మాట రెండోసారి చెప్పడం మర్యాద కాదు. నేనూ మర్యాదస్తుణ్ణే.

తర్వాత్తర్వాత చెరకు తోటల దగ్గర అన్న సైకిల్ ఆపడం ఎక్కువైంది. "అన్నా, తోటకి నీళ్లు పెట్టే కాంట్రాక్టు నీకే ఇచ్చారా?" అని మా ఆరుగురిలో ఒకడైన ముజిరాన్ కేకేసేవాడు. అందరం నవ్వేవాళ్లం. అన్న తోట లోంచి రావడానికి చాలాసేపు పట్టేది.

నా భార్య లస్త్రి మంచాన పడ్డ ఏడాది నుంచి మనుషులు కూర్చునే తీరు గమనించడం నాకు అలవాటైంది. అన్న ఇప్పుడు ముందు చెయ్యి ఆనించి, తర్వాత నడుం వాలుస్తున్నాడు. మేం రోజూ ఆగే టీ కొట్టావిడ కార్తి కూడా చూసినట్టుంది. ఒకరోజు అతని చోట బల్ల తీసేసి, ఎవరితో ఏమీ అనకుండా, వెనక ఆనుకునే కుర్చీ వేసింది.

ఆ రోజు ధైర్యం చేశాను. "మిగతా రోజులు నీ బదులు నేను తొక్కుతాను. నువ్వు ఆగు అన్నా."

"నీ కాళ్లతో నా మొక్కు తీరుతుందా? అరవై రోజులేగా, ఊరుకో."

వెయ్యో రోజున పసుపన్నం గోపురంలా పోసి, మా ఆచారం ప్రకారం కొస కోసి భార్య సుపార్తి చేతిలో పెట్టాడు. ఆమె మురిసిపోయింది. "చూశారా మాస్టారూ! బెల్టుకి రెండు కొత్త బెజ్జాలు పొడిచాను. పెళ్లికొడుకులా సన్నబడ్డారు." వీధంతా చప్పట్లు కొట్టింది. నేను ఆ రెండు బెజ్జాలే చూస్తున్నాను.

మూడు రోజులు ఆగి రక్తం ఇచ్చాడు. ఫలితానికి ఇద్దరం వెళ్లాం.

"ఈసారి సైకిల్ ముట్టుకోలేదు కదా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదమ్మా. టీ కొట్టుకి కూడా నడిచే వెళ్లాను."

ఆమె కాగితం బోర్లించింది. "నలభై ఆరు. నడుం నొప్పి ఉందా?"

అన్న నేల చూశాడు. "సీటు వల్లేమో అనుకున్నాను."

"వ్యాయామం మంచిదేనండీ, మిమ్మల్ని మానమనను. కానీ అది పరీక్షకి బదులు కాదు. ఎముకల స్కాన్ ఇవాళే తీయించాలి. ఇంట్లోవాళ్లని పిలిపించండి." నర్సు ఫ్యాన్ అతని వైపు తిప్పి, తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.

"మాస్టారూ, మీ వదినకి ఫోన్ నువ్వే చెయ్యి," అన్నాడు అన్న. "నాకు నోరు రావడం లేదు."

ఫోన్‌లో గిన్నెల చప్పుడు. విందుకి అరువు తెచ్చినవాటిలో మిగిలినవి తోముతోంది. "ఏంటి మాస్టారూ, ఆయన అప్పుడే మళ్లీ సైకిలెక్కారా?"

"లేదు వదినా. నువ్వు ఆసుపత్రికి రా."

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎందుకని ఆమె అడగలేదు.