గాలి అడిగిన కోడలు

కుటుంబ ప్రార్థన ముగించే వంతు ఆ సాయంత్రం కొత్త కోడలు జెరూషాది. కళ్ళు మూసుకుని, ఇంట్లోవాళ్ళను పేరుపేరునా దేవుడికి అప్పజెప్పింది. చివరికి నాలుక పాత అలవాటున తనంతట తనే నడిచి, "మంచి గాలి దయచెయ్యి తండ్రీ" అనేసింది.

ఎవరూ ఆమెన్ అనలేదు.

విస్సన్నపేట పక్కన వాళ్ళ మామిడితోటలో కాయ ఇంకా కొమ్మ మీదే ఉంది. ఒక్క ఈదురుగాలి చాలు, ఏడాది కష్టం నేల రాలడానికి. కోతలయ్యేదాకా ఆ ఇంట్లో గాలి అనే మాట కూడా గట్టిగా అనరు.

"ఇంకా నయం, వడగళ్ళు కూడా అడిగావు కాదు!" అన్నాడు భర్త పాల్ రాజు.

జెరూషా నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఆ గాలి మాట నాన్నది. బందరు దగ్గర గిలకలదిండిలో పడవ నడిపిన మనిషి, ఆమె పెళ్ళికి ముందే పోయాడు. ఆయన్ని ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు. అడక్కుండా చెబితే జాలి కోసమనుకుంటారేమోనని ఇన్నాళ్ళూ లోపలే దాచుకుంది. ఇప్పుడు "ఇంకెప్పుడూ అననండీ" అనాలి. అంటే, ఆయన్ని తనే గుమ్మం బయట నిలబెట్టినట్టు.

"మీవాళ్ళకి గాలెందుకమ్మాయ్?" అంది అత్త ఇన్నమ్మ. గొంతులో కోపం లేదు.

"తెరచాపకి అత్తయ్యా. ఇప్పుడన్నీ ఇంజన్లేగానీ, మా తాత రోజుల్లో గాలే దిక్కు. నాన్నకి ఆ ప్రార్థన అలాగే ఉండిపోయింది."

"తెరచాపంటే గుడ్డేగా? మరి చాపంటారేంటి?"

"ఒకప్పుడు నిజంగా చాపేనంట. చాపలు కలిపి కుట్టి, కొయ్యకి తెరలా కట్టేవాళ్ళంట. గుడ్డొచ్చినా పేరు మాత్రం పోలేదు. పడుకునే చాపని లేపి నిలబెడితే సముద్రం దాటిస్తుందే పిల్లా, అనేవాడు నాన్న..."



ఇన్నమ్మ తాము కూర్చున్న చాపను అరచేత్తో ఒకసారి నిమిరింది. తర్వాత కళ్ళు మూసుకుంది.

"తండ్రీ, పిల్ల అడిగిన గాలి బందరు మీద బాగా వీచనియ్యి. ఇటు మాత్రం రానియ్యకు. ఆమెన్."

"ఆమెన్," అన్నాడు పాల్ రాజు, నవ్వాపుకుంటూ. అన్నం పెట్టమని లేవబోయాడు.

"కూర్చోరా, ఒక్కపూట ఆలస్యమైతే చిక్కిపోవులే," అని ఇన్నమ్మ కోడలి వైపు జరిగింది. "ఇంకేమనేవాడమ్మా మీ నాన్న?"