సీలు పడిన కుర్చీ

ఆమెను వీధిలో అందరూ రంపమ్మ అంటారు. చేసే పనికి సగం, నోటికి సగం. తండ్రి పోయాక వడ్రంగి కార్ఖానాను ఆమే నడుపుతోంది, తోడు బాబాయి ఒక్కడే. కార్ఖానా అనగానే పెద్దగా ఊహించుకోకండి. రేకుల కప్పు, ఒక పనిబల్ల, ఎంత ఊడ్చినా తరగని రంపపు పొట్టు, అంతే. ఈమధ్య చెక్క కుర్చీ కావాలని గడప తొక్కేవాళ్లే కరువయ్యారు. ఆమె అక్క మొగుడికి మాత్రం ప్లాస్టిక్ కుర్చీల వ్యాపారం, అదీ మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంది. గోడౌనుకు బాగుంటుందని ఆయన ఈ కార్ఖానా మీద ఎప్పుడో కన్నేశాడు.

"ఎందుకు మరదలా ఈ అవస్థ? తాళాలు నాకిచ్చి మా కొట్లో కూర్చో. ఫ్యాను కింద పని," అనేవాడు.

"మీ ఫ్యాను గాలికి మీ కుర్చీలే ఎగిరిపోతాయి బావా," అనేది రంపమ్మ.

సరిగ్గా అప్పుడే ఒక సర్కారు ఆఫీసువాళ్లు పనుల మీద వచ్చే జనం కూర్చునే తమ హాలుకు చెక్క కుర్చీలు కావాలని, అవి చిన్న కార్ఖానాల దగ్గరే కొంటామని ప్రకటించారు. అక్క మధ్యలో కూర్చుని మాట కుదిర్చింది. ఈ ఆర్డరు గట్టెక్కితే కార్ఖానా రంపమ్మది. లేదంటే తాళాలు బావవి.

సర్కారుకు సరుకు అమ్మడమంటే పక్కింటాయనకు పీట అమ్మడం కాదు. ముందు మనం ఉన్నామని నిరూపించుకోవాలి. రంపమ్మ కౌంటరు ముందు నిలువునా నిలబడి ఉండగానే, ఆమె ఉన్న సంగతి ఇంకో ఆఫీసువాళ్లు చెప్పాలన్నారు. వాళ్లు కార్ఖానాకు వచ్చి, ఆమెను అటూ ఇటూ చూసి, ఉందనే తేల్చారు. కుర్చీలు చేసిన అనుభవం ఉందా అన్నారు. ఉందంది. సర్కారు కుర్చీలు చేసిన అనుభవం ఉందా అన్నారు. "ఏం, మీరు వేరే రకంగా కూర్చుంటారా సార్?" అనబోతుంటే బాబాయి ఆమె చెయ్యి నొక్కాడు.

తర్వాత శాంపిల్ కుర్చీ తెమ్మన్నారు. ఇక్కడే వచ్చింది తంటా. వాళ్ల ఇంట్లో తాతల నాటి పద్ధతి ఒకటుంది. కుర్చీని కార్ఖానాలో పూర్తి చెయ్యరు. ఒక కాలు కాస్త పొడుగ్గానే వదిలేస్తారు. కుర్చీ ఉండబోయే చోటికి తీసుకెళ్లి, ఆ నేల మీదే పెట్టి, అక్కడే అరగదీస్తారు. లోకంలో సమంగా ఉన్న నేలంటూ లేదని వాళ్ల గట్టి నమ్మకం.

రంపమ్మ ఆఫీసులో కుర్చీ దించి సంచిలోంచి అరగదీసే ఆకురాయి తీసేలోపే, గుమాస్తా కుర్చీ కాలికి దారం చుట్టి లక్కతో సీలు వేసేశాడు.

"ఒక్క నిమిషం సార్, కాలు ఇంకా అరగదియ్యాలి!"

"సీలు పడ్డాక ముట్టుకోకూడదు," అన్నాడు గుమాస్తా.

కమిటీవాళ్లు వచ్చి ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. కూర్చున్నవాళ్లంతా ఊగారు. ఎదుటివాళ్లు ఏమీ అనడం లేదు కదా అని ఎవరికివారు ఊరుకున్నారు. పైగా కిందటిసారి వచ్చిన శాంపిల్ కూర్చోగానే విరిగిందట. దాని ముందు ఇది సింహాసనమే. ఆర్డరు రంపమ్మకు వచ్చింది.

రంపమ్మా బాబాయీ ఒళ్లు వంచి కుర్చీలన్నీ చేశారు. హాలుకు తోలి, ఒక్కొక్కదాన్నీ దాని చోట పెట్టి కాళ్లు అరగదీశారు. కదిలితే ఒట్టు. ఇద్దరూ తృప్తిగా పక్కన నిలబడ్డారు.

తనిఖీ ఆఫీసరు వచ్చాడు. సీలు వేసిన శాంపిల్‌ను వెంట తెప్పించి దాని మీద కూర్చున్నాడు. టక్ మంది. కొత్తదాని మీద కూర్చున్నాడు. చప్పుడు లేదు. మళ్లీ శాంపిల్, మళ్లీ కొత్తది. ఆయన మొహం ముడుచుకుంది.

"ఇవి ఊగట్లేదే."

"ఊగవు సార్," అంది రంపమ్మ గర్వంగా.

"శాంపిల్ ఊగుతోంది కదమ్మా."

"అది తప్పుగా ఉంది సార్. ఆ రోజు నన్ను సరిచెయ్యనివ్వలేదు."

"శాంపిల్ తప్పెలా అవుతుంది? సీలు కనబడట్లేదా?" ఆయన విసుక్కోలేదు, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "చూడమ్మా, మేం ఒకటి ఎంచుకున్నాక మీరు ఇంకోటి తెచ్చి మంచిదంటే ఎలా? రేపటికల్లా ఇవి శాంపిల్ ప్రకారం ఉండాలి. లేకపోతే అన్నీ వెనక్కే."

రంపమ్మ బాబాయిని వెంటబెట్టుకుని బయల్దేరింది. కార్ఖానాకు వచ్చి చూస్తే బావ అప్పుడే టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నాడు.

"నేను చచ్చినా ఊగే కుర్చీ చెయ్యను," అన్నాడు బాబాయి. "పైకెళ్లాక మీ నాన్నకు నా మొహం ఎలా చూపించనే?"

"నాన్నకు తర్వాత చూపిద్దువుగాని. ముందు ఆ టేపు చూడు."

బాబాయి టేపును చూశాడు. సంచి భుజాన వేసుకున్నాడు.

ఊగేలా చెయ్యడం తేలికే అనుకుంటే పొరపాటే. కిటికీ దగ్గర కుర్చీ ఎడమకు ఒరిగింది. స్తంభం పక్కది ససేమిరా కదలనంది. గుమ్మం దగ్గరిదైతే ఏకంగా నాట్యమే చేసింది. ఆఫీసరు కళ్లు మూసుకుని వింటూ, "ఇది టకటకమంటోంది. శాంపిల్ ఒక్కసారే టక్ మంటుంది," అనేవాడు. ఇద్దరి తలప్రాణం తోకకొచ్చింది. ఏ నేలకు ఆ కాలు, ఏ కాలికి ఆ అరుగుదల. బాబాయి నేలకు చెవి ఆనించి పడుకున్నాడు. ఇంత సున్నితమైన పని వాళ్లు జన్మలో చెయ్యలేదు. మధ్యాహ్నానికి బాబాయి తన కోపం సంగతే మర్చిపోయి, "ఒసే, ఇది మరీ నిలకడగా ఉందే! ఇంకాస్త పట్టు!" అని కేకలేస్తున్నాడు.

చివరికి అన్నీ ఒకే రకంగా టక్ మన్నాయి. ఆఫీసరు వరసగా అన్నిటి మీదా కూర్చుని ఊగాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇంత కచ్చితమైన సరఫరా నా సర్వీసులో చూడలేదు," అని ప్రతి కాలికీ సీలు వేయించాడు. సంగతి తెలిసి బావ టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. రంపమ్మ కార్ఖానా తలుపు పట్టుకుని ఏడ్చేసింది, సంతోషంతోనే.

మర్నాడు హాలు తెరిచారు. రంపమ్మ మనసాగక చూద్దామని వెళ్లింది. హాలు నిండా జనం, నిండా టక్ మనే చప్పుళ్లు. ఒక ముసలమ్మ చేతికర్ర పక్కన పెట్టి కూర్చుంది. కుర్చీ ఒరిగేసరికి గుండె పట్టుకుంది.

"ఎవడమ్మా చేసింది? వాడి చేతులు విరగ!"

వీధి మొత్తానికి జవాబు చెప్పే నోరు అది. ఆ రోజు పెగల్లేదు. నేనే చేశానని అనలేక సిగ్గుతో చచ్చిపోయింది. కాలు సరిచేద్దామంటే సీలు. అటూ ఇటూ చూసి, చెప్పు విడిచి, బొటనవేలితో దాన్ని కుర్చీ కాలి కిందికి తోసింది. కుర్చీ నిలిచింది.

ముసలమ్మ ఊపిరి పీల్చుకుని రంపమ్మ చెయ్యి పట్టుకుంది. "చల్లగా ఉండు తల్లీ. చేసినవాడికి లేని బుద్ధి నీకుంది."

"అవునమ్మా," అంది రంపమ్మ.

పక్క కుర్చీలో ఊగుతున్న పెద్దాయన అంతా చూస్తూనే ఉన్నాడు. మొహమాటంగా దగ్గి, ఆమె రెండో కాలి వైపు చూశాడు.

"అమ్మాయ్, ఆ చెప్పు నీకు అవసరమా?"