గోడలకు పట్టిన గురక

అందరూ తిన్నాక, నా అన్నాన్ని మిక్సీలో వేసి జావలా తిప్పుకునేదాన్ని. ఏడేళ్లప్పుడు ఎడ్లబండి మీంచి పడి గడ్డం నేలకు కొట్టుకుంది. చెవి దగ్గర దవడ కీలు ఎముకతో అతుక్కుపోయింది. అప్పటినుంచి నా పళ్ల మధ్య ఐస్‌క్రీం పుల్ల ఒక్కటే పట్టేది. దవడ ఎదగలేదు. పడుకుంటే నాలుక గొంతుకు అడ్డంపడి, ఊపిరాగి, ఉలిక్కిపడి లేచేదాన్ని. ఇంట్లోవాళ్లకు మాత్రం అది ఉత్త గురక. "నాంపల్లి టేషన్ల బండ్లన్న జర ఆగుతయి, దీని గురక ఆగదు" అనేది అత్త. పెళ్లయిన నెలకే నా భర్త వెంకటేశం నా చాపను వంటింట్లోకి విసిరాడు. పదకొండేళ్లు బియ్యం డబ్బాకు వీపానించి, కూర్చునే నిద్రపోయాను. పొద్దున్నే అందరికీ వండిపెట్టి, ఆబిడ్స్ బట్టల దుకాణంలో చీరలు మడతపెడుతూ తూలితే, "ఏందమ్మా, ఇంట్ల పండనియ్యరా?" అని సేటు నవ్వేవాడు. తనన్నది ఉన్నమాటేనని ఆయనకు తెలియదు.

చివరికి నేనే దవాఖానకు పోయాను. నిద్ర పరీక్ష చేసిన డాక్టర్ శ్రీవిద్య, "గంటకు నలభైసార్లు ఊపిరి ఆగుతుందమ్మా. వదిలేస్తే గుండెకు ముప్పు" అంది. అతుక్కున్న ఎముక తీసి, కొత్త కీలు పెట్టి, దవడను ముందుకు తేవాలట.

"గురకకు ఆపరేషనా? నవ్వుతరే జనం" అన్నాడు వెంకటేశం. "మరి వంటెవరు చేస్తరు?" అంది అత్త. ఊళ్లోంచి అమ్మను తోడు పిలిపించుకుని, కాగితం మీద నేనే సంతకం పెట్టాను.

ఆపరేషనయిన నాలుగోనాడు మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ. వెల్లకిలా పడుకుని ఉన్నాను! అమ్మ నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. "సప్పుడు లేకపోయేసరికి బుగులైంది బిడ్డా" అంది.

వారానికి అత్తా, వెంకటేశమూ దవాఖానకు వచ్చారు. డాక్టరమ్మ ముందు కూర్చుని, పళ్ల మధ్య పుల్లల మీద పుల్లలు దోపుకుంటూ నోటికి కసరత్తు చేయిస్తున్నాను. పన్నెండు పట్టాయి.

అత్త స్టూలు లాక్కుంది. "నువ్వు లేవు గానీ గురక గట్లనే ఉన్నదే! గోడలకు పట్టిందా ఏంది? వారమాయె, కన్ను మూయలే."

డాక్టరమ్మ మా ఆయన లావుపాటి మెడ వంక చూసింది. ఆయన నేల వంక చూశాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వితే కుట్లు లాగుతాయని నేను కళ్లతోనే నవ్వుకున్నాను. పదకొండేళ్ల రైళ్లలో సగం ఆయనవే!

"ఇగ ఇంటికొచ్చినంక మంచం మీదనే పండుదువు తియ్" అన్నాడు వెంకటేశం, దానమిచ్చినట్టు.

పుల్లలు తీసి పక్కన పెట్టాను. "పండుకుంటా. నీకు చాప వంటింట్లనే ఉన్నది. బియ్యం డబ్బాకు ఆనుకో, జర ఊపిరాడుతది."