స్టూలు ఎక్కింది ఎవరు

నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడి గెక్ లాన్ పొగ అలారాల డబ్బాల మీది దుమ్ము తుడుస్తోంది. అరవై రెండేళ్ల మనిషి. పొట్టిగా, బిగువుగా ఉంటుంది. కుడి బొటనవేలి గోరు సగం లేదు, ఎప్పుడో డ్రిల్లింగు మిషను తినేసింది. సింగపూర్‌లో తోవా పాయో పేటలోని ఆ హార్డ్‌వేర్ షాపులో పదహారేళ్లుగా మేకులు, కుళాయిలు, తాళాలు అమ్ముతోంది. తొమ్మిదేళ్ల నుంచి మాత్రం, అమ్మిన ప్రతి అలారాన్నీ తనే కొన్నవాళ్ల ఇంటికి వెళ్లి బిగించి వస్తోంది.

"జీతం నాది, సేవ ఊరికి," అని సణిగాడు ఓనరు చియా.

"మీ ఇంట్లో బిగించిన రోజు అన్నం మాడిన వాసనొచ్చింది. ఎవరికీ చెప్పి మీ ఆవిడ పరువు తీయలేదు కదా? నోరు మూసుకోండి," అంది గెక్ లాన్ కిందికి దిగుతూ.

గుమ్మంలో ఒక స్త్రీ నిలబడి ఉంది. నలభై లోపే. వియత్నాం యాస.

"ఆంటీ, అరవని అలారం ఉందా?"

"అరవని అలారం ఎందుకమ్మా, గోడకి అందమా?"

ఆమె నవ్వలేదు. "మా ఆయన మంచంలో ఉన్నారు. ఆక్సిజన్ మిషను పెట్టారు. అలారం లేకపోతే ఒప్పుకోనంది నర్సు. ఆయనేమో అగరొత్తులకే అరిచి చంపుతుందంటారు. రేపు పౌర్ణమి కదా."

ఈ మాట గెక్ లాన్‌కు కొత్త కాదు. పౌర్ణమి వచ్చిందంటే ఆ చుట్టుపక్కల ఫ్లాట్లలో సగంమంది స్టూలెక్కి, అలారానికి ప్లాస్టిక్ సంచి కట్టి, అప్పుడు అగరొత్తులు వెలిగిస్తారు. పూజ అవుతుంది. సంచి మాత్రం నెలల తరబడి అలాగే వేలాడుతుంది.

గెక్ లాన్ మూడు డబ్బాలు బల్ల మీద పెట్టింది. "ఇది వేడికి అరుస్తుంది, వంటింటికి. ఇది పొగకి, పడగ్గదికీ హాలుకీ. ఈ మూడోది చవక, బ్యాటరీ మార్చుకోవచ్చు. అందుకే వద్దు. టీవీ రిమోట్ ఆగిందని దీని బ్యాటరీ పీకేస్తారు. పొగ దానికి పదేళ్ల బ్యాటరీ, సీలు వేసి ఉంటుంది. అగరొత్తులు గుమ్మం బయట వెలిగించు. ఆక్సిజన్ ఉన్న ఇంట్లో నిప్పు ముట్టించకు, దేవుడికైనా సరే."

"అయితే పొగదే ఇవ్వండి. మీరే వచ్చి బిగిస్తారా?"

"నేనే. వారంటీ కార్డు మీద ఎవరి పేరు రాయను?"

"ఆయనదే. లో బున్ సియాంగ్. నా పేరు థుయ్."

కలం ఆగింది. మళ్లీ కదిలింది. అక్షరం వంకర పోలేదు.

థుయ్ వెళ్లాక గెక్ లాన్ పని సంచి సర్దుకుంది. డ్రిల్లు, మరలు, సీలు వేసిన అలారం. ఒక్క క్షణం ఆగి, షాపు ముందు నమూనాకు తగిలించిన అలారాన్ని కూడా ఊడదీసి సంచిలో వేసుకుంది. అది ఉత్త డొల్ల.

బున్ సియాంగ్ ఆమె అక్క మొగుడు. తొమ్మిదేళ్ల కిందట ఒక పౌర్ణమి నాడు గది నిండా అగరొత్తులు వెలిగించి పేకాటకు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి గది అంటుకుని, అక్క గెక్ హూన్ చనిపోయి ఉంది. కప్పు మీద అలారానికి ఎర్ర సంచి కరిగి అంటుకుపోయి ఉంది. "ఆవిడే కట్టింది, అరుపు పడదనేది," అన్నాడు. బంధువులంతా నమ్మారు. తన చేతులారా చచ్చిందన్న పేరు అక్క బూడిద కుండతో పాటు మిగిలిపోయింది. మోకాలి ఆపరేషనయి మూడు వారాలైన మనిషి స్టూలు ఎలా ఎక్కుతుందని గెక్ లాన్ ఒక్కతే అడిగింది. జవాబు చెప్పకుండా బున్ సియాంగ్ ఇల్లు మారిపోయాడు.

నాలుగింటికి ఆ ఇంటి తలుపు తట్టింది. థుయ్ లోపలికి తీసుకెళ్లి, టీ పెడతానని వంటింట్లోకి వెళ్లింది. మంచం మీద ఎముకల గూడు. ముక్కులో గొట్టాలు. మిషను బుసకొడుతోంది.

"లాన్..." అన్నాడు. గుర్తుపట్టాడు.

"నేనే, బావా."

స్టూలు లాగింది, ఎక్కింది. సరిగ్గా అతని తల మీద కప్పుకి మరలు బిగించి అలారం తగిలించింది. దిగి చేతులు దులుపుకుంది.

"అరుస్తుందా?" అడిగాడు.

"అరవదు. నువ్వు కోరినట్టే."

అతని మొహంలో నిశ్చింత కనిపించింది. దానికోసమే ఆమె ఆగింది. మళ్లీ స్టూలెక్కి, మూత తిప్పి ఊడదీసి, అతని కళ్ల ముందు బోర్లించింది. లోపల తీగ లేదు, బ్యాటరీ లేదు.

"రేపు పౌర్ణమి. నీ పెళ్లాం అగరొత్తులు వెలిగించి బజారుకెళ్తుంది. నువ్వు లేవలేవు. నీ నెత్తిన ఇది వేలాడుతుంటుంది. బాగుంటుందా?"

"లాన్, వద్దు..."

"ఆ రోజు స్టూలు ఎక్కింది ఎవరు?"

"మీ అక్కే."

"అక్క బస్సు మెట్టు ఎక్కలేకపోయేది. ఎవరు?"

అతని పెదాలు రెండుసార్లు కదిలాయి.

"నేనే."

"వినపడలేదు. గుమ్మంలో ఉన్నావిడకి కూడా వినపడాలి."

అతను తల తిప్పాడు. టీ గ్లాసు పట్టుకుని థుయ్ నిలబడి ఉంది.

"నేనే కట్టాను," అన్నాడు. "అరిస్తే పక్కింటివాళ్లు తిడతారని. విప్పడం మరిచిపోయాను. తప్పు ఆమె మీద వేశాను."

థుయ్ గ్లాసు కింద పెట్టింది. "నాకు కూడా ఆవిడే అని చెప్పారు. పెళ్లయినప్పటి నుంచి ప్రతి పౌర్ణమికీ ఆవిడ తప్పు క్షమించమని దణ్ణం పెట్టించారు నాతో."

గెక్ లాన్‌కు జాలి కలగలేదు. కలగాలని అనుకోనూ లేదు. సీలు వేసిన అలారాన్ని కప్పుకి బిగించి బొత్తాం నొక్కింది. ఇల్లంతా చెవులు చిల్లులు పడేలా అలారం కూసింది. అది ఆగేదాకా అతని మొహం చూస్తూ నిలబడింది.

"దీనికి సంచి కట్టాలంటే స్టూలెక్కాలి, బావా," అంది. డొల్లను అతని చేతికిచ్చి, పని సంచి భుజాన వేసుకుని షాపుకి తిరిగొచ్చింది. మూసే వేళకి ఇంకో రెండు కుళాయిలు, ఒక తాళం అమ్మింది.

పన్నెండు రోజులకి అతను పోయాడు, నిద్రలోనే. ఇంట్లో పొగ లేదు. అలారం కూయలేదు.

ఫ్లాట్ల కింద ఖాళీ జాగాలో శవం పక్కన కుర్చీలు వేశారు. థుయ్ చుట్టాల్లో ఒక్కొక్క పెద్దమనిషి ముందుకీ వెళ్లి, వచ్చీరాని మాటల్లో ఒకటే విషయం చెప్పింది: "స్టూలు ఎక్కింది ఆయన." గెక్ లాన్ చివరి వరసలో కూర్చుని, చివరి ముసలాయన తల దించుకునేదాకా విన్నది. అగరొత్తి ముట్టించకుండానే లేచింది.

పైన ఆ గదిలో మంచం మీది దుప్పట్లు తీసేశారు. పక్కనున్న చిన్న బల్ల మీద డొల్ల వెల్లకిలా పడి ఉంది. తెల్లటి అంచు చుట్టూ, పట్టుకున్న చోట, వేళ్ల జిడ్డు.