దొరసాని గారి మూడో బొండం

మా లేసు ఎక్స్‌పోర్టరు సత్యప్రసాద్ గారు 2005లో ఉన్నట్టుండి మంచివారైపోయారు. ఆయన్ని అలా మార్చింది దేవుడు కాదు, జర్మనీ వాళ్ళు. మేం అల్లే టేబుల్ క్లాతులు కొనే కంపెనీలన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయట. దుకాణంలోకి వచ్చే సరుకు ఎవరెవరి చేతుల మీదుగా వస్తోందో, ఆ చేతులవాళ్ళు ఎలాంటి చోట కూర్చుని పనిచేస్తున్నారో ఆ సంఘం ఆరా తీస్తుందట. అందులో చేరినవాళ్ళకే ఇకమీదట ఆర్డర్లు. కాబట్టి ఆయన చేరారు. నరసాపురంలో స్వీట్లు పంచి, ఫోటో దిగి, ఆ ఊపులోనే పంటెక్కి గోదావరి దాటి రాజోలు పక్కనున్న మా ఊరొచ్చేశారు.

నేను ఆయనకి ఏజెంటుని. ఇంటింటికీ దారం పంచడం, అల్లినవి పోగుచేసి నరసాపురం చేర్చడం, మధ్యలో ఇద్దరి చేతా తిట్లు తినడం నా పని.

"హేమగారూ, మనోళ్ళు పనిచేసే చోట మంచినీళ్ళుండాలండి. లెట్రిన్ ఉండాలి. నిప్పంటుకుంటే బయటపడ్డానికి దారుండాలి. జర్మనీ నుంచి దొరసాని వచ్చి చూస్తాదంట," అన్నారు.

"పనిచేసే చోటంటే అరుగులేనండి. ఎవరింట్లో వాళ్ళు కూచుని అల్లుకుంటారు కదండీ," అన్నాను.

"అందుకే ఒక్క అరుగు చూడండి. ఆ పూటకి అందర్నీ దాని మీదే కూచోబెట్టేద్దాం."

మా వీధిలో పెద్ద అరుగంటే జ్ఞానమ్మత్తదే. ఆయన్ని అక్కడికే తీసుకెళ్ళాను. మొగుడు పోయినా, మోకాళ్ళు పోయినా నోరు మాత్రం చెక్కుచెదరని మనిషి. ఆమె ఇంట్లో మరుగుదొడ్డి లేదు. ఆ మాటకొస్తే మా వీధిలోనే లేదు. ఆడవాళ్ళందరికీ తెల్లారకముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి కాలవగట్టే గతి. అదైనా ప్రశాంతంగా ఉండేదా అంటే, గ్యాసు కోసం తవ్వడాలు మొదలయ్యాక గట్టు మీద లారీలు పెరిగాయి.

లెట్రిన్ అన్న మాట వినగానే జ్ఞానమ్మత్త చేతిలో సూది ఆగిపోయింది. "నిజంగానే కడతారండీ బాబుగారూ?" అని అడిగింది.

"ఆయ్, తప్పకుండానండి," అన్నారు సత్యప్రసాద్ గారు. ఆ మనిషికి 'ఆయ్' అనడానికి ఖర్చేముంది!

ఆ వారమంతా అత్త నన్ను పెరట్లో తిప్పుతూనే ఉంది. బాదం చెట్టు దగ్గరైతే వేళ్ళు అడ్డొస్తాయంది. నూతి పక్కనైతే నీళ్ళు పాడవుతాయంది. చివరికి వంటింటి వెనక చోటు ఖాయం చేసి, కర్రపుల్లతో గీత గీసుకుంది. ఆ గీతలోకి కోడి వచ్చినా అదిలించేది. పట్టుచీర కోసం కూడా ఆమె అంత ఆరాటపడగా నేను చూడలేదు.

తనిఖీకి ముందురోజు మరుగుదొడ్డి వచ్చింది. నడిచి రాలేదుగానీ దాదాపు అంత పనీ చేసింది. నీలిరంగు ఫైబరు గది, లోపల తెల్లటి కమోడు, తలుపు మీద నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ. పంటు మీద సైకిళ్ళ మధ్య నిలబడి గోదావరి దాటి, ట్రాలీ ఆటోలో ఊరేగుతూ వచ్చింది. దాన్ని సత్యప్రసాద్ గారి ఆఫీసులో పనిచేసే అభిలాష్ దగ్గరుండి, అత్త గీసుకున్న గీతలోనే దింపించాడు.

"మరి గొయ్యేది నాయనా?" అంది జ్ఞానమ్మత్త.

అభిలాష్ తల వంచుకున్నాడు. "గొయ్యి లేదండి. ఇది చూపించడానికేనండి. రేపు సాయంత్రం వెనక్కి పట్టుకెళ్ళిపోవాలి. అద్దెదండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆర్డరు పోతే వీధి వీధంతా పొయ్యి వెలగదు. "అత్తా, రేపొక్కరోజు నోరు మూసుకో," అని బతిమాలాను. ఆమె నిజంగానే నోరు మూసుకుంది. నాకు భయం వేసింది.

మర్నాడు అరుగు స్తంభానికి ఎర్రటి మంటలార్పే సిలిండరు వేలాడదీశారు. బయటికి దారి ఇటు అని బాణం గుర్తు కూడా అంటించారు. మూడు వైపులా గోడే లేని అరుగుకి దారి చూపించిన ఘనత మా సత్యప్రసాద్ గారిదే.

పదకొండింటికి దొరసాని దిగింది. ఎండకి టమాటాలా అయిపోయింది పాపం. మాతోపాటు చాప మీదే చతికిలబడి, అభిలాష్ తెలుగు చేసిపెడుతుంటే ముచ్చట్లాడింది. జ్ఞానమ్మత్త బొండం కొట్టించి చేతికిచ్చింది. తాగింది. "మా ఇళ్ళల్లో అతిథికి ఒంటి బొండం ఇవ్వకూడదమ్మా," అంటూ రెండోది ఇచ్చింది. ఇలాంటి ఆచారం ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. "ఇందులో మీగడలాంటి కొబ్బరుంది, వదిలేస్తే మాకు చిన్నతనం," అని మూడోది పెట్టింది. సత్యప్రసాద్ గారు మురిసిపోయి, "తాగండి మేడమ్, కోనసీమ స్పెషల్!" అంటూ తనూ ఒకటి లాగించి, కాసేపటికి కొబ్బరిచెట్ల వెనక్కి వెళ్ళొచ్చారు. మగమహారాజు, ఆయనకేం?

స్టీలు బిందె నిండా నీళ్ళు, పక్కన కొత్త గ్లాసులు. దొరసాని టిక్కు పెట్టింది. సిలిండరుకి టిక్కు. బాణానికి కొంచెం నవ్వి టిక్కు. తర్వాత అభిలాష్ చెవిలో ఏదో అడిగింది.

"లెట్రిన్ ఎక్కడని అడుగుతోందండి," అన్నాడు అభిలాష్.

"చూపించు, చూపించు," అన్నారు సత్యప్రసాద్ గారు.

"చూడ్డానిక్కాదండి. వెళ్ళడానికంటండి."

ఆయన గబుక్కున అడ్డొచ్చారు. "తాళంచెవి నరసాపురంలో ఉండిపోయిందని చెప్పు," అన్నారు. ఆ తలుపుకి తాళమే లేదు. ఈలోగా మోకాళ్ళనొప్పుల జ్ఞానమ్మత్త ఎప్పుడు లేచిందో, దొరసాని చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి తలుపు బార్లా తీసింది. లోపల్నుంచి పెట్ట ఒకటి, నిద్ర పాడుచేసినందుకు అందర్నీ తిట్టుకుంటూ బయటికొచ్చింది. దొరసాని కమోడులోకి తొంగిచూసింది. అడుగున పచ్చటి గడ్డి.

"మరి మీరెక్కడికి వెళ్తారని అడుగుతోందండి," అన్నాడు అభిలాష్.

"పక్కింటికని చెప్పు!" అన్నారు సత్యప్రసాద్ గారు.

"కాలవగట్టుకని చెప్పు నాయనా," అంది జ్ఞానమ్మత్త. "అదీ ఇప్పుడు కాదు, చీకటి పడ్డాక. అందాకా బిగబట్టుకుంటాం. అందుకే పగలు చుక్క నీళ్ళు ముట్టుకోం. ఆ గ్లాసులు తడిసేయేమో చూసుకోమను. చీకట్లో కూచుంటే లారీ లైట్లు పడతాయి, లేచి నిలబడతాం. అది వెళ్ళేక కూచుంటాం, ఇంకోటొస్తాది. ఈ మోకాళ్ళతో ఎన్నిసార్లు లేవను? చెప్పు నాయనా, ఉన్నదున్నట్టు చెప్పు."

అభిలాష్ యజమాని వైపు చూశాడు, అత్త వైపు చూశాడు. వాళ్ళమ్మ కూడా లేసు అల్లే మనిషే. ఒక్క ముక్క వదలకుండా చెప్పేశాడు.

దొరసాని అరుగు మీది పొడి గ్లాసుల వైపు చూసింది. తర్వాత చిన్న గొంతుతో ఏదో అడిగింది.

"చీకటి ఎన్నింటికి పడతాదని అడుగుతోందండి."

"ఆరున్నరవ్వాలమ్మా," అంది జ్ఞానమ్మత్త.

అప్పుడింకా పన్నెండు. మోకాళ్ళు దగ్గరపెట్టుకుని నిలబడ్డ దొరసానిని చూసి నాకు నవ్వాగలేదు. ఆ నవ్వు సగంలోనే ఏడుపొచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ మేమంతా అలాగే నిలబడ్డామని అప్పటిదాకా నాకు తోచనే లేదు.

ఆవిడని రాజోలు లాడ్జికి కారులో పరుగెత్తించాలి. రోడ్డంతా గోతులు. ఎక్కేముందు గబగబా నాలుగు మాటలు చెప్పింది. అభిలాష్ అందరికీ వినబడేలా తెలుగు చేశాడు. "ఆర్డరు ఆపదంటండి. రెండు నెలల్లో చెప్పకుండా మళ్ళీ వస్తాదంట. వచ్చి మళ్ళీ మూడు బొండాలు తాగుతాదంటండి."

వారం తిరక్కుండా సిమెంటు వరలు దిగాయి, తాపీమేస్త్రి దిగాడు. నీలిగది వెళ్ళిపోయిన చోట ఇటుక గోడలు, నిజం గొయ్యి, నిజం గడియ. పని పూర్తయ్యాక సత్యప్రసాద్ గారు ఫోటోగ్రాఫరుతో వచ్చి, తలుపు పక్కన నిలబడి నవ్వారు. తర్వాత అరుగు మీద అల్లుకుంటున్న మా అందరి ముందూ అత్తని దెప్పారు.

"నా పరువు తీసేరు. ఇప్పుడు సంతోషమేనాండి జ్ఞానమ్మగారూ?"

"ఆయ్, చాలా సంతోషమండి బాబుగారూ," అంది అత్త వినయంగా. "మరి వీళ్ళందరివీ ఎప్పుడు మొదలెడతారండి? ఎవరింట్లో వాళ్ళం అల్లుకుంటాం కదండీ. దొరసానిగారొచ్చిన రోజున ఇంటికి మూడేసి బొండాలు దింపించాలని అనుకుంటున్నామండి."